నాలుగు పది రూపాయల బిళ్ళలంత బరువు: ఏడాదిన్నర వాడిన కోరోస్ పేస్ 3

మొన్న ఆదివారం విశాఖ బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ దగ్గర కాళ్ళు సాగదీసుకుంటుంటే, మా పరుగు గ్రూపులో కొత్తగా చేరిన అమ్మాయి నా చేతికున్న పరుగు వాచీ, కోరోస్ పేస్ 3, పట్టుకుని చూసి "అక్కా, ఇదేంటి ఇంత తేలిగ్గా ఉంది, నిజంగా పనిచేస్తుందా?" అని అడిగింది. పనిచేస్తుంది. ఏడాదిన్నరగా వారానికి ఐదు రోజులు పనిచేస్తూనే ఉంది. ఆ రోజు ఆ అమ్మాయికి నిలబడి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే పరుగు మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ మూడో నెలకో నాలుగో నెలకో "ఏ వాచీ కొనాలి" అనే దగ్గరికి వస్తారు, వచ్చి చాలామంది నేను చేసిన పొరపాటే చేస్తున్నారు.

నా పొరపాటు ఏమిటంటే, మొదట మూడు వేలు పెట్టి ఒక స్మార్ట్ వాచీ కొన్నాను. డబ్బా మీద జీపీఎస్ అని రాసే ఉంది. షాపు అబ్బాయి కూడా "అన్నీ ఒకటే మేడమ్, పేరుకే తేడా" అన్నాడు. వాడటం మొదలుపెట్టాక తెలిసింది, అందులో జీపీఎస్ చిప్పే లేదు, నా ఫోన్లో ఉన్న జీపీఎస్‌ని అరువు తెచ్చుకుని చూపిస్తుంది. ఫోన్ ఇంట్లో వదిలేసి వెళ్తే చెయ్యి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టి దూరం ఊహిస్తుంది. నేను పది కిలోమీటర్లు పరిగెత్తిన రోజు ఎనిమిది ముప్పావు చూపించింది. కాబట్టి షాపులో అడగాల్సింది "జీపీఎస్ ఉందా" అని కాదు, "ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తే కూడా నేను పరిగెత్తిన దారి మ్యాప్ మీద గీతలా వస్తుందా" అని. దానికి సూటిగా అవును అనకపోతే బయటికి వచ్చేయండి.

రెండోసారి మా ఆయన ట్రెక్కింగ్ వాచీ పెట్టుకుని చూశాను. మంచి వాచీయే, ఆయనకి సరిపోతుంది. నా మణికట్టు చుట్టుకొలత పద్నాలుగు సెంటీమీటర్లు. అడుగు పడినప్పుడల్లా అది పైకి లేచి ఎముక మీద పడేది, పది కిలోమీటర్లు అయ్యేసరికి అక్కడ ఎర్రగా కందిపోయేది. అంతకన్నా పెద్ద సమస్య గుండె లెక్క. ఈ వాచీలన్నీ కింద ఆకుపచ్చ లైటు వేసి, చర్మం కింద రక్తం పారేటప్పుడు ఆ వెలుగులో వచ్చే మార్పుని బట్టి గుండె వేగం కడతాయి. వాచీ ఊగితే సందులోంచి బయటి వెలుతురు దూరుతుంది, లెక్క తప్పుతుంది. అంటే తేలికగా ఉండటం సౌకర్యానికి మాత్రమే కాదు, సన్నటి చేతులవాళ్ళకి లెక్క సరిగ్గా రావడానికి కూడా. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే మీకు చెప్తున్నాను.

బరువులు ఒకసారి చూడండి. కోరోస్ పేస్ 3 నైలాన్ పట్టీతో 30 గ్రాములు, సిలికాన్ పట్టీతో 39. దీనికన్నా ముందు 2020లో వచ్చిన పేస్ 2 అయితే నైలాన్ పట్టీతో 29 గ్రాములే. గార్మిన్ అనే ఇంకో కంపెనీ ఫోర్‌రన్నర్ 55 బరువు 37, ఫోర్‌రన్నర్ 165 బరువు 39. ఇక ఎవరెస్టు ఎక్కేవాళ్ళలా కనిపించే పెద్ద వాచీలున్నాయి కదా, గార్మిన్ ఫీనిక్స్ 7 లాంటివి, మామూలు సైజుదే 79 గ్రాములు. పది రూపాయల బిళ్ళ ఒకటి దాదాపు 7.7 గ్రాములు ఉంటుంది. నాలుగు బిళ్ళలు చేతిలో పెట్టుకుని ఊపి చూడండి, తర్వాత పది పెట్టుకుని ఊపండి. గంటన్నర పరుగులో ఆ చెయ్యి ఏడెనిమిది వేలసార్లు ఊగుతుంది.

నేను చివరికి ఫోర్‌రన్నర్ 55, 165, పేస్ 3, ఈ మూడింటి మధ్య చాలా రోజులు కొట్టుకున్నాను. 55 అన్నిటికన్నా చవక, 2021లో 200 డాలర్లకి వచ్చింది, మొదటి వాచీగా ఇప్పటికీ ఎవరికైనా చెప్తాను, బటన్లు ఐదూ గట్టిగా ఉంటాయి, టచ్ గొడవే లేదు. కానీ అందులో గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు కొలిచే బారోమీటర్ లేదు, మాకేమో కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కడం నెలకి రెండుసార్లయినా ఉంటుంది. 165 స్క్రీన్ చూస్తే కళ్ళు చెదిరిపోతాయి, ఫోన్లలో ఉండే మెరిసే రకం, ఆమోలెడ్, 2024లో 250 డాలర్లకి వచ్చింది. పేస్ 3 అంతకు ముందు ఏడాది, 2023లో 229 డాలర్లకి వచ్చింది. మన దగ్గర ధరలు వేరుగా ఉంటాయి, సేల్‌ని బట్టి మారుతుంటాయి, కొనే రోజు చూసుకోండి. డల్లాస్ నుంచి వస్తున్న మా తమ్ముడి చేత తెప్పించుకున్నాను నేను. అలా తెప్పించుకునేవాళ్ళు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి.

పేస్ 3 వైపు మొగ్గడానికి అసలు కారణం రెండు ఫ్రీక్వెన్సీల జీపీఎస్. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం నేరుగా మన వాచీకి తగిలితే బాధ లేదు. పక్కన పెద్ద బిల్డింగో కొండో ఉంటే దానికి తగిలి తిరిగొచ్చిన సంకేతం కూడా వాచీకి అందుతుంది, అది కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి మనం ఉన్నచోటు పక్కకి జరిగినట్టు లెక్క వస్తుంది. మామూలు వాచీలు ఎల్1 అనే ఒక్క ఫ్రీక్వెన్సీనే వింటాయి. రెండోదైన ఎల్5 కూడా వింటే ఏది నేరుగా వచ్చిందో ఏది తగిలి వచ్చిందో విడదీయడం తేలిక. 165లో పలు దేశాల ఉపగ్రహాలు అందుతాయి గానీ ఈ రెండో ఫ్రీక్వెన్సీ లేదు. ఇది కావాలంటే గార్మిన్‌లో ఫోర్‌రన్నర్ 265 లాంటిదానికి వెళ్ళాలి.

మరి విశాఖలో దీని అవసరం ఉందా? నిజం చెప్పాలంటే బీచ్ రోడ్డులో లేదు. ఒకవైపు సముద్రం, పైన తెరిచిన ఆకాశం, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర నుంచి అటు ఇటు ఎంత పరిగెత్తినా సొంత జీపీఎస్ ఉన్న ఏ వాచీ అయినా సరిగ్గానే చూపిస్తుంది. తేడా తెలిసేది మా ఇంటి దగ్గర అపార్ట్‌మెంట్ల మధ్య సందుల్లో, యూనివర్సిటీ వైపు చెట్ల కింద. ఒకే దారిలో నేనూ పాత మోడల్ వాచీ ఉన్న నా స్నేహితురాలూ పక్కపక్కనే పరిగెత్తి చూశాం. ఆమె గీత రెండుచోట్ల ఇళ్ళ మీదుగా వెళ్ళింది, నాది రోడ్డు దాటలేదు. మీరు ఎప్పుడూ ఖాళీ రోడ్లలోనే పరిగెత్తేవాళ్ళయితే దీని కోసం డబ్బు పెట్టకండి. గచ్చిబౌలిలోనో హైటెక్ సిటీలోనో అద్దాల బిల్డింగుల మధ్య పరిగెత్తేవాళ్ళయితే పెట్టండి.

ఏ వాచీ ఉన్నవాళ్ళయినా సరే, ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. రెండు మూడు రోజులకోసారి ఫోన్ యాప్‌తో కలపండి. ఉపగ్రహాలు ఎక్కడెక్కడ ఉంటాయనే సమాచారం ముందుగానే వాచీలోకి దిగుతుంది, అప్పుడు పొద్దున్నే సిగ్నల్ పదిహేను ఇరవై సెకన్లలో దొరుకుతుంది. సిగ్నల్ దొరికిందని చెప్పే గుర్తు రాకముందే స్టార్ట్ నొక్కేసి, తర్వాత "మొదటి కిలోమీటరు తప్పు చూపిస్తోంది" అని వాచీని తిట్టేవాళ్ళని చాలామందిని చూశాను.

స్క్రీన్ విషయం. పేస్ 3ది ఆమోలెడ్ కాదు, ఎండ ఎంత పడితే అంత స్పష్టంగా కనిపించే పాత రకం స్క్రీన్. ఇంట్లో ట్యూబులైటు కింద మసకగా, చప్పగా ఉంటుంది, షోరూంలో చూస్తే ఎవరికీ నచ్చదు. ఏప్రిల్‌లో ఏడున్నరకి ఋషికొండ నుంచి వెనక్కి వస్తుంటే, ఎండ సముద్రం మీద నుంచి నేరుగా వాచీ మీద పడుతుంటే, మెడ వంచి ఒక్క చూపు చూస్తే చాలు, అంకెలు కనిపిస్తాయి. స్క్రీన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, చెయ్యి విసరనక్కర్లేదు. నాకు అదే ముఖ్యం. ఆఫీసుకి, పెళ్ళిళ్ళకి కూడా ఇదే పెట్టుకోవాలనుకుంటే మాత్రం 165 తీసుకోండి, ఇది చూడ్డానికి ప్లాస్టిక్ వాచీయే, దాచేదేం లేదు.

మా ఊరి ఉక్కపోత గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మే నెలలో ఐదింటికి మొదలుపెట్టినా రెండో కిలోమీటరుకే చొక్కా పిండుకోవచ్చు. తడి వేళ్ళతో టచ్ స్క్రీన్ ఏదైనా చెప్పినమాట వినదు, అందుకని పరుగుకి బటన్లున్న వాచీయే ఉండాలనేది నా గట్టి అభిప్రాయం. పేస్ 3కి టచ్ ఉంది గానీ దాంతో పని లేదు, పక్కన తిప్పే డయల్ ఒకటి, ఒక్కో రౌండు టైము విడిగా గుర్తుపెట్టే ల్యాప్ బటన్ ఒకటి, అంతే. పరుగులో దానంతటదే లాక్ అయిపోతుంది, డయల్ తిప్పితే గానీ తెరుచుకోదు. అందుకని చేతికి గాజున్నా, పొడుగు చేతుల టీషర్టు వేసుకున్నా, అది తగిలి మధ్యలో ఆగిపోతుందన్న టెన్షన్ లేదు.

నైలాన్ పట్టీ తీసుకోండి. బరువు తగ్గుతుంది, సాగుతుంది, చిల్లులు లేవు కాబట్టి ఎంత కావాలంటే అంత బిగించుకోవచ్చు. చెమట పీలుస్తుంది కాబట్టి వారానికోసారి తీసి సబ్బునీళ్ళలో ఉతకాలి, లేకపోతే వాసన. సిలికాన్ కింద నాకు చెమటపొక్కులు లేచేవి, నైలాన్‌కి మారాక తగ్గాయి. ఒకటి అదనంగా కొని పెట్టుకుంటే, ఉతికింది ఆరేదాకా ఆగక్కర్లేదు.

గుండె లెక్క విషయంలో ఏ కంపెనీ వాచీనీ గుడ్డిగా నమ్మకండి. ఒక్కోసారి మీరు మాట్లాడుకుంటూ మెల్లగా పరిగెత్తుతున్నా వాచీ 174 అని చూపిస్తుంది. భయపడకండి. నిమిషానికి మీ అడుగులు ఎన్నో చూడండి, అదీ 174 దగ్గరే ఉంటుంది. గుండె కొట్టుకోవడం బదులు అడుగుల ఊపుని పట్టుకుందన్నమాట. మణికట్టు ఎముకకి రెండు వేళ్ళ పైకి జరిపి, రక్తం ఆగిపోయేంత కాదు గానీ జారకుండా బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది. వేగంగా పరిగెత్తి ఆగి మళ్ళీ పరిగెత్తే ఇంటర్వెల్స్ రోజున మాత్రం నేను ఛాతీకి కట్టుకునే బెల్టే వాడతాను, ఎందుకంటే అది గుండె విద్యుత్తునే నేరుగా పట్టుకుంటుంది.

బ్యాటరీ గురించి కంపెనీ చెప్పేది మామూలు జీపీఎస్‌తో 38 గంటలు, అన్ని ఉపగ్రహాలతో 25, రెండు ఫ్రీక్వెన్సీలూ పెడితే 15. ఈ అంకెలు చదివి వదిలేసేదాన్నేమో, సింహాచలం గిరి ప్రదక్షిణ లేకపోతే. ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, కొండ కింద తొలి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్ళీ స్వామి దగ్గరికి. జనంలో, వానలో, అత్తయ్య అడుగుతో అడుగు కలిపి నడిస్తే మాకు తొమ్మిదిన్నర గంటలు పట్టింది. అన్నీ ఆన్‌లో ఉంచి నడిచాను. ముగించేసరికి మూడో వంతు ఛార్జింగ్ ఇంకా మిగిలే ఉంది. అత్తయ్య ఆ మ్యాప్ ఫోన్లో చూసి, కొండ చుట్టూ తిరిగిన ఆ గీత మీద వేలు పెట్టి మొత్తం ఒకసారి గీసింది. ప్రింట్ తీయించి దేవుడి గదిలో పెట్టుకుంది కూడా. మామూలు రోజుల్లో నాకు పదకొండు పన్నెండు రోజులకోసారి ఛార్జింగ్ పెడితే సరిపోతుంది. కేబుల్ మాత్రం దానికి ప్రత్యేకం, ఫోన్ పిన్ పట్టదు, ఊరెళ్ళేటప్పుడు సంచిలో వేసుకోవడం మర్చిపోకండి.

ఇందులో లేనివి కూడా చెప్పాలి. స్పాటిఫై లాంటి పాటల యాప్ లేదు, పాటలు కావాలంటే ఫైళ్ళు కంప్యూటర్ నుంచి ఎక్కించుకోవాలి. వాచీతో డబ్బు కట్టే సౌకర్యం లేదు. మ్యాప్ లేదు, దారి ఎక్కించుకుంటే ఒట్టి గీత కనిపిస్తుంది. ఇవి మీకు రోజూ కావాల్సినవైతే ఇది మీ వాచీ కాదు. ఏది కొన్నా కొనేముందు షాపులోనే ఫోన్‌కి కలిపించి ఒక తెలుగు మెసేజ్ పంపించి చూడండి, అక్షరాలు వస్తున్నాయో డబ్బాలు వస్తున్నాయో అక్కడే తెలిసిపోతుంది. ట్రాక్ మీద ప్రాక్టీస్ చేసేవాళ్ళు ట్రాక్ మోడ్ వాడండి, లేన్ నంబరు చెప్తే 400 మీటర్ల రౌండుని గుర్తుపట్టి దూరం సరిచేస్తుంది.

ఇంకొకటి, ప్రతి రేసు తర్వాతా వినిపించే ఫిర్యాదు. హాఫ్ మారథాన్ 21.1 కిలోమీటర్లే కదా, నా వాచీ 21.4 చూపించింది, నిర్వాహకులు ఎక్కువ పరిగెత్తించారు అంటారు. కొలత ధ్రువీకరించిన రేసుల్లో దారిని సైకిల్ మీద, మలుపుల్లో లోపలి అంచు పట్టుకుని, వీలైనంత దగ్గరి గీతలో కొలుస్తారు, తక్కువ కాకూడదని వెయ్యికి ఒక వంతు కలుపుతారు కూడా. మనం మంచినీళ్ళ బల్ల వైపు ఒకసారి, ముందువాళ్ళని దాటడానికి ఒకసారి అటూ ఇటూ పోతాం. వాచీ మనం పరిగెత్తింది చూపిస్తుంది. అందుకని రేసులో వాచీ చూపించే వేగాన్ని నమ్ముకుని సరిగ్గా రెండు గంటలకి గురి పెట్టకండి, కిలోమీటరుకి నాలుగైదు సెకన్లు వేగంగా పెట్టుకోండి, రోడ్డు పక్క కిలోమీటరు బోర్డులొచ్చినప్పుడల్లా ల్యాప్ బటన్ చేత్తో నొక్కండి.

ఆ అమ్మాయి నా వాచీ ఒక వారం పెట్టుకుని చూస్తానంది, ఇచ్చాను. మూడోరోజు ఫోన్ చేసి, "అక్కా, రాత్రి తీయకుండానే పడుకున్నాను, పొద్దున లేచేదాకా చేతికుందనే తెలియలేదు" అంది. తన చెయ్యి నాకన్నా సన్నం. నీలం రంగు నైలాన్ పట్టీది చూడమన్నాను.