కొత్త హైస్కూలు ఎక్కడ కడితే మేలు: పాత బడి మీదా, రోడ్డు అవతలా, కాలనీలోనా?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకొని ఉన్న ఊళ్లలో జూన్ నెలలో జిల్లా పరిషత్ హైస్కూలుకి వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్ తిరగేయండి. ఆ ఊళ్లోనే పుట్టిన పిల్లల పేర్లు కొన్నే కనిపిస్తాయి. మిగతావాళ్లంతా నారాయణపేట, వనపర్తి, కర్నూలు, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు. అపార్టుమెంట్లు కట్టేవాళ్ల పిల్లలు, వాటికి కాపలా ఉండేవాళ్ల పిల్లలు, ఆ ఇళ్లలో పని చేసేవాళ్ల పిల్లలు. అపార్టుమెంట్లలో కాపురం ఉండేవాళ్ల పిల్లలు పసుపు బస్సెక్కి వేరే బడికి పోతారు కాబట్టి వాళ్లను ఈ లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఇలాంటి బడి నిండే తీరు ఎక్కడైనా ఒకటే. ముందు సైన్స్ ల్యాబ్ తరగతి గదిగా మారుతుంది. మరుసటేడు లైబ్రరీ పుస్తకాలు బీరువాలోకి పోయి ఆ గదిలో బెంచీలు పడతాయి. తర్వాత వరండా, ఆ తర్వాత వేపచెట్టు. అప్పుడు కమిటీ మీటింగ్ పెట్టి కొత్త హైస్కూలు కావాలని తీర్మానం చేస్తారు. అంతవరకు అందరిదీ ఒకే మాట. ఎక్కడ కట్టాలి అనగానే మూడు గుంపులవుతాయి.

పాత బడి మీదే అంతస్తులు వేద్దామని ఊరి నడుమ ఉండేవాళ్లు అంటారు. మెయిన్ రోడ్డు అవతల సర్కారు జాగా ఐదెకరాలుంది, అక్కడ కొత్తగా కడదామని నాయకులు, ఇంజినీర్లు అంటారు. కొత్త కాలనీలో ఏడో ఎనిమిదో తరగతి దాకా నడిచే ప్రాథమికోన్నత పాఠశాలను (యూపీఎస్) హైస్కూలు చేయండని ఆ కాలనీవాళ్లు అడుగుతారు. జడ్పీ హైస్కూళ్లలో లెక్కల మాస్టారుగా పనిచేసిన ఏళ్లలో ఇలాంటి మీటింగులు రెండు ఊళ్లలో చూశాను. మొదటి ఊళ్లో ఐదెకరాలకే చెయ్యెత్తాను. ఇప్పుడైతే ఎత్తను. ఎందుకో చెప్పాలంటే ఆ జాగా దగ్గరే మొదలుపెట్టాలి.

ఐదెకరాలంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆటస్థలం, విడిగా వంటగది, ఆడపిల్లలకు మగపిల్లలకు దూరదూరంగా టాయిలెట్లు, రేపు ఇంటర్ పెట్టినా సరిపోయే చోటు. పైసా భూసేకరణ లేదు. కానీ సిటీ పక్కన గజం ధర అంత పలుకుతుంటే ఐదెకరాలు ఇన్నాళ్లూ ఖాళీగా ఎందుకు మిగిలింది? ఆ ప్రశ్న మేము అడగలేదు. అడిగితే సాధారణంగా వచ్చే జవాబులు నాలుగే: గుట్ట రాయి, పైన హైటెన్షన్ తీగలు, పక్కన చెత్త డంపు, లేదంటే చెరువు నిండితే మునిగే శిఖం భూమి. చెరువు పక్కదైతే ఇంకా జాగ్రత్త. తెలంగాణలో 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు, నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు అయిన ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ అని ఖాళీ వదలాలి. ఎండాకాలం జాగా చూపిస్తే నేల పొడిగా, చదునుగా, బడి కోసమే పుట్టినట్టు ఉంటుంది. ఆగస్టులో ఒక పెద్ద వాన పడ్డాక అదే జాగా మళ్లీ చూడాలి. ఊళ్లో పాతకాపుని ఎవరినైనా అడిగినా నీళ్లు ఎంతదాకా వస్తాయో చేత్తో చూపిస్తాడు.

అయినా జాగా మంచిదే అనుకుందాం. అసలు చిక్కు దారిలో ఉంది. నిబంధనల ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడి ఇంటికి 3 కిలోమీటర్ల లోపు ఉండాలి. హైస్కూలుకైతే 2009లో మొదలైన మాధ్యమిక శిక్షా అభియాన్ 5 కిలోమీటర్లని పెట్టుకుంది. మ్యాపు మీద గీత గీస్తే మా ఐదెకరాలు ఆ 5 కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. కానీ పిల్లలు మ్యాపు మీద నడవరు కదా. మధ్యలో నాలుగు లైన్ల రోడ్డు, డివైడర్ మధ్యలో ఎవరో పగలగొట్టిన సందు, ఆ సందులోంచి సైకిల్ దాటించే ఏడో తరగతి పిల్లాడు. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి వేస్తామన్నారు. బడి వచ్చింది, బ్రిడ్జి రాలేదు.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో రైలు బడి బస్సును గుద్దింది. చిన్నచిన్న పిల్లలు పోయారు. ఆ రోజు తర్వాత మా స్టాఫ్‌రూమ్‌లో కొన్నాళ్లు దారుల గురించే మాట్లాడుకున్నాం. తర్వాత మర్చిపోయాం. జాగా వెతికేటప్పుడు మళ్లీ ఎకరాల మాటే వచ్చింది.

ఆడపిల్లల సంగతి ఇంకోటి. పదో తరగతికి చలికాలం నుంచి సాయంత్రం స్పెషల్ క్లాసులుంటాయి. డిసెంబర్ మొదట్లో హైదరాబాద్ చుట్టుపక్కల ఐదూ నలభైకే సూర్యాస్తమయం. క్లాసు అయ్యేసరికి చీకటి పడుతుంది. ఊరి నడుమ బడి అయితే ఇల్లు నాలుగు వీధుల అవతల, దారి పొడుగునా అరుగుల మీద మనుషులు. ఊరి బయటి బడి అయితే వెంచర్ల మధ్య మట్టిరోడ్డు, రాతి కడీలు, కుక్కలు. మేము బడి మార్చిన ఏడు దసరా సెలవుల తర్వాత అవతలి బస్తీ నుంచి కొందరు అమ్మాయిలు తిరిగి రాలేదు. ఇళ్లకి వెళ్లి అడిగితే చదువు వద్దని ఎవరూ అనలేదు. "దూరం సార్, పొద్దుపోతుంది" అన్నారు. అంతే. డ్రాపౌట్ ఫారంలో ఆ కారణం రాయడానికి సరైన గడి కూడా దొరకలేదు నాకు.

దీనికి లెక్కలు కావాలంటే బీహార్‌లో ఉన్నాయి. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే అమ్మాయిలకు సైకిల్ కొనుక్కోమని డబ్బులిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకాన్ని పరిశీలించారు. ఆ వయసు అమ్మాయిల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయని, అబ్బాయిలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. ఎక్కువ ఫలితం కనిపించింది బడి 3 కిలోమీటర్ల కంటే దూరంగా ఉన్న ఊళ్లలోనే. ఒక సైకిల్‌కే అంత తేడా వచ్చిందంటే దూరం అనేది ఎంత పెద్ద గోడో చూడండి. ఆంధ్రలోనూ బడికొస్తా పేరుతో సైకిళ్లిచ్చారు.

ఇప్పుడు ఆర్టీసీ ఉచితం కదా అంటారు. నిజమే, తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు టికెట్ లేదు. చాలా మేలు చేసిన పనే. కానీ బడి వేళకి బస్సు ఉండాలి, ఉన్న బస్సు ఆగాలి, ఆగినా ఎక్కడానికి సందుండాలి. కొత్త జాగాకి ఓటేసే ముందు డిపో మేనేజర్ దగ్గర టైమింగ్స్ రాయించుకున్న కమిటీని నేను ఇంతవరకు చూడలేదు.

పాత బడి మీద అంతస్తుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దారి సమస్య ఉండదు, అదే దాని బలం. పాత బిల్డింగు రాతి గోడల మీద నిలబడిందా, పిల్లర్ల మీదా, ఆ పిల్లర్లు పై అంతస్తుకి సరిపడా వేశారా అన్నది పంచాయతీరాజ్ ఇంజినీరు చూసి చెప్పాలి. చాలాచోట్ల జవాబు "మోయదు" అనే వస్తుంది. అప్పుడు ఉన్న గ్రౌండ్‌లోనే కొత్త బ్లాకు లేస్తుంది, ఖోఖో కోర్టు పోతుంది. ఒక విద్యాసంవత్సరమంతా ఇసుక, కంకర, మిక్సర్ మోత మధ్య పాఠాలు. మెట్లు మాత్రం రెండు వైపులా ఉండాలి, ఇందులో బేరం లేదు. 2004 జూలై 16న కుంభకోణంలో బడి తగలబడి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాతే బళ్లలో అగ్నిప్రమాద జాగ్రత్తలు తప్పనిసరి అని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కటే మెట్లదారి పెట్టి, దాని కింద పాత బెంచీలు పేర్చే అలవాటు మాత్రం ఇంకా పోలేదు.

ఇంకో మాట. ఊరి నడుమ బళ్లు చాలావరకు ఎవరో పెద్దమనిషి ఇచ్చిన జాగాలో లేచినవే. నోటిమాటతో ఇచ్చింది, రిజిస్టర్ కానిది అయితే, కొత్త బ్లాకుకి ముగ్గు పోసిన రోజే మనవళ్లు కాగితాలు పట్టుకొని వస్తారు. ముందే తేల్చుకోవాలి.

ఇక కాలనీలో ఉన్న యూపీఎస్‌ని హైస్కూలుగా పెంచడం. నా ఓటు దీనికే, అయితే దీని లోటు తెలిసే వేస్తున్నాను. లోటు గదుల దగ్గర లేదు, మాస్టార్ల దగ్గర ఉంది. లెక్క వేద్దాం. హైస్కూలుకి తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, ఫిజిక్స్, బయాలజీ, సోషల్ అని కనీసం ఏడుగురు కావాలి. లెక్కలకి వారానికి ఏడెనిమిది పీరియడ్లనుకుంటే ఒక మాస్టారు నాలుగైదు సెక్షన్లు లాగుతాడు. ఆరు నుంచి పది దాకా రెండేసి సెక్షన్లున్న పెద్ద బడిలో లెక్కల మాస్టార్లు ఇద్దరుంటారు. ఒకరు సెలవు పెడితే రెండోవారు సర్దుతారు. ఆ బడిని రెండు ముక్కలు చేస్తే ఒక్కోచోట ఒక్కరే. ఆ ఒక్కరూ ప్రసూతి సెలవులో వెళ్తే పదో తరగతికి ఆర్నెల్లు లెక్కలు లేవు. గేటు మీద బడి పేరు బోర్డు మారినంత మాత్రాన పోస్టులు రావు. ముందు తొమ్మిది పెడతారు, మరుసటేడు పది పెడతారు, పోస్టులు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. అందుకే కాలనీవాళ్లతో నేను చెప్పేది ఒకటే: బిల్డింగు మంజూరు కాగితం ఆనక, ముందు పోస్టుల జీవో అడగండి.

రెండు సెక్షన్లు నిండేంత పిల్లలు కాలనీ వైపు లేకపోతే ఈ దారి కూడా తప్పే. పిల్లలు ఎంతమంది అన్నది తేల్చడం అనుకున్నంత సులువు కాదు. కూలీల గుడిసెల పక్కన బడి కడితే టవర్లు పూర్తయ్యాక గుడిసెలు ఇంకో సైటుకి పోతాయి, బడి మిగులుతుంది. ఒక్కోసారి పెరుగుదల కాగితం మీంచే వస్తుంది. ఆంధ్రలో 2022 జూన్‌లో జీవో 117 తెచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి హైస్కూళ్లలో కలిపితే ఉన్నపళంగా ఆ బళ్లకు గదులు చాలలేదు. 2025లో ఆ జీవోను పక్కనపెట్టారు. మధ్యలో తొందరపడి గదులు కట్టుకున్నవాళ్లు ఏమనుకున్నారో.

మనవాళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలోని ఫ్రిస్కో సంగతీ చూడండి. పిల్లలు పెరిగేకొద్దీ కొత్త కాలనీల వైపు బళ్లు కడుతూ పోయి 12 హైస్కూళ్లు చేశారు. పక్కనే అలెన్ పట్టణం ఒకే మహా హైస్కూలుతో నెట్టుకొచ్చింది. పిల్లల సంఖ్య తగ్గడం మొదలయ్యాక ఫ్రిస్కోలో పాత ప్రాంతపు మిడిల్ స్కూల్ ఒకటి 2025లో మూసేశారు. చిన్న బళ్లు దగ్గరగా ఉంటాయి, కానీ అల వెనక్కి పోతే ముందు ఖాళీ అయ్యేవీ అవే.

అందుకని నేను చూసేది అద్దె గుడిసెలను కాదు, సొంత తలుపున్న ఇళ్లను. ఉదాహరణకి కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూమ్ కాలనీలో 15,660 ఇళ్లున్నాయి. సిటీ బస్తీల నుంచి వచ్చినవాళ్లకి ఇచ్చిన ఇళ్లవి, వాళ్లు సైటు మారినట్టు మారిపోరు. అలాంటి కాలనీ గోడ పక్కనే ఐదెకరాలు దొరికితే నేనే ముందు చెయ్యెత్తుతాను. అక్కడ జాగా ఊరి బయట ఉన్నట్టు కాదు, ఊరే జాగా దగ్గరికి వచ్చినట్టు.

అది లేనప్పుడు పాత బడిని అలాగే ఉంచి, కాలనీ వైపు సొంత ఇళ్లు రెండు సెక్షన్లకు సరిపడా ఉన్నాయని తేలాక అక్కడి యూపీఎస్‌ను పెంచడమే మేలు. సెక్షన్లు నిండకపోతే పాత బడిలోనే రెండు మెట్లదారులతో బ్లాకు కట్టుకోవాలి. ఐదెకరాలు చివరి మాట. అదీ రోడ్డు దాటడానికి బ్రిడ్జి లేచి, కాంపౌండు గోడ కట్టాకే.

రెండో ఊళ్లో మీటింగులో వాదన తెగకపోతే నేనొక పని చెప్పాను. డిసెంబర్ నెల, సాయంత్రం ఆరు. "అందరం లేచి అవతలి బస్తీ నుంచి ఆ జాగా దాకా నడుద్దాం పదండి" అన్నాను. మొదట్లో నవ్వులాటగా బయల్దేరాం, సెల్‌ఫోన్ లైట్లు వేసుకొని పదిమందిమి. డివైడర్ సందు దగ్గర ఇద్దరు వెనక్కి తగ్గారు. మట్టిరోడ్డు మీద కల్వర్టు దాటుతుంటే కుక్కలు వెంటపడ్డాయి. ఐదెకరాలకే గట్టిగా పట్టుబట్టిన పెద్దమనిషి అక్కడ ఆగి, చెమట తుడుచుకొని, "మాస్టారూ, తిరిగి పోవడానికి ఆటో ఏమైనా దొరుకుతుందా" అన్నాడు.