తాళం పరిగెత్తిన రికార్డింగులకి రీపర్ ఎలా ఉందంటే

గుంటూరులో ఇంట్లోనే ఒక రూములో చర్చి పాటలు, భజనలు, జానపదాలు రికార్డ్ చేస్తుంటానండి. మన దగ్గర చాలామందికి చెవిలో క్లిక్ (తాళం లెక్క చెప్పే టిక్ టిక్ శబ్దం) పెట్టుకుని వాయించే అలవాటు ఉండదు, చేతిలో నాదం బ్రహ్మాండం, కానీ చరణంలోకి వచ్చేసరికి స్పీడు పెరిగిపోద్ది, పోనీ మళ్లీ వాయించమంటే మొదటిసారి వచ్చిన ఊపు రాదు. అందుకే ఆ టేకునే (ఆ ఒక్కసారి వాయించిన రికార్డింగునే) ఉంచి టైమింగ్ సరిచేస్తా, దానికి నాకు బాగా కుదిరింది రీపర్ అనే కంప్యూటర్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్.

మొన్న ఒక సిక్స్ ఎయిట్ (ఆరు లెక్కల దరువు) పాటలో రెండో చరణం ముందు డప్పు రోల్ పరిగెత్తేసింది. ట్యాబ్ కొడితే కర్సర్ వెళ్లి దెబ్బ మొదలయ్యే చోట ఆగుద్ది, ఎస్ కొడితే అక్కడ కట్ అవుద్ది, ఆ ముక్కని కాస్త కుడికి జరిపి, ముందు ముక్క చివర లాగి క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరిగేలా కలపడం) ఇస్తే అతుకు అస్సలు వినపడదు. చెవికి గుచ్చుకున్న దెబ్బలే జరిపా, మిగతావి ముట్టుకోలేదు. దెబ్బలన్నీ తెచ్చి గ్రిడ్ (తాళం లెక్క గీతలు) మీద కూర్చోబెట్టే ఆప్షన్ కూడా ఉంది గానీ దయచేసి జానపదానికి అది వాడొద్దు, దరువులో ఉన్న ఊపంతా ఆ చిన్న చిన్న తేడాల్లోనే ఉంటుంది.

గాత్రానికైతే షిఫ్ట్ డబ్ల్యూతో స్ట్రెచ్ మార్కర్ (సౌండుని ఎక్కడి నుంచి సాగదీయాలో చెప్పే గుర్తు) పెట్టి దీర్ఘాలు సాగదీయొచ్చు, స, చ లాంటి అక్షరాలకి మాత్రం రెండు పక్కలా మార్కర్ పెట్టి కాపాడుకోండి. తబలాకి స్ట్రెచ్ వద్దు, డగ్గా (ఎడమచేతి వైపుది) గమకం నీళ్లలోంచి వచ్చినట్టు అయిపోద్ది, కట్ చేసి జరపడమే మేలు. రెండు మైకులు పెట్టి ఉంటే రెండు ట్రాకుల్లో ముక్కల్నీ సెలెక్ట్ చేసి జి కొట్టి గ్రూప్ చెయ్యాలి, ఒకటే జరిగితే ఫేజ్ తేడా (రెండు మైకుల తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం) వచ్చి బేస్ పల్చబడిపోద్ది.

కంప్లయింట్ ఏంటంటే మెనూలు మరీ ఎక్కువ, ఏది ఎక్కడుందో కొత్తవాళ్లకి దొరకదు, లోపల వాయిద్యాల సౌండ్లు కూడా పెద్దగా ఏం ఇవ్వరు. 60 రోజులు అన్ని ఫీచర్లతో ఫ్రీగా వాడి చూడొచ్చు, తర్వాత సొంతానికి వాడుకునేవాళ్లకి, చిన్న స్టూడియోలకి లైసెన్స్ 60 డాలర్లు. క్రాక్ జోలికి పోకుండా కొనుక్కోండి, ఆ రేటుకి ఇది చాలా న్యాయం.