ఆటోనగర్‌లో స్టీరింగ్ పంపు కొనేవారికి హెచ్చరిక

గాజువాక ఆటోనగర్‌లో ఆ షాపు ఏదో లారీలున్న మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. తొమ్మిది రోజుల క్రితం అక్కడ 9,200 రూపాయలు పోసి పవర్ స్టీరింగ్ పంపు కొన్నాను. చక్రాలను తిప్పే స్టీరింగ్ బాక్సుకు ఒత్తిడితో ఆయిల్ పంపి, స్టీరింగ్ తేలిగ్గా తిరిగేలా చేసేది ఇదే. కొత్తదన్నారు. కొత్తది అట్టపెట్టె ఒక్కటే. ఈ రోజు మధ్యాహ్నం మా మేస్త్రి దాన్ని విప్పి చూపించాడు. చేతులకంటిన ఆయిల్ కడుక్కుని వచ్చి కూర్చుని ఇది రాస్తున్నాను.

నాలుగో రోజే అనుమానం రావాల్సింది. పోర్టులో బొగ్గు ఎత్తుకుని వస్తూ కాన్వెంట్ జంక్షన్ దగ్గర మలుపు తిప్పుతున్నాను. స్టీరింగ్ సగం తిరిగి బిగుసుకుపోయింది. ఎడమ పక్కనే స్కూటర్, దాని మీద బిడ్డను ముందు నిలబెట్టుకున్న ఒక మనిషి. క్లీనర్ కుర్రవాడు లేచి వచ్చి నాతోపాటు స్టీరింగ్ పట్టుకుంటే, ఇద్దరం ఒళ్లంతా బలం చేసుకుని తిప్పాం. పంపు పని చేయకపోయినా స్టీరింగ్ బాక్సుకూ చక్రాలకూ మధ్య రాడ్లు ఉంటాయి కాబట్టి బండి మాట విన్నది. ఆ బిడ్డ ముఖం ఇంకా నా కళ్ల ముందే ఉంది.

అప్పుడు కూడా పంపును అనుమానించలేదు. ఆయిల్ ఫిల్టరు మార్పించాను, ఆయిల్ పైపుల్లో చేరిన గాలి తీయించాను. షాపుకు ఫోను చేస్తే ‘బాక్సు పోయి ఉంటుంది, బాక్సు మార్చండి’ అన్నారు. హైవే మీద అనకాపల్లి దాకా తేలిగ్గా తిరిగే స్టీరింగ్ జంక్షన్లలోనే మొండికేస్తుంటే నేనూ నమ్మాను. తప్పు నాదే, ఆ ఒక్క గుర్తుతోనే తెలుసుకోవాల్సింది.

ఈ పంపులో చీలికలున్న గుండ్రని రోటరు ఉంటుంది, ఒక్కో చీలికలో ఒక సన్నని ఉక్కు రెక్క. చుట్టూ రింగు, దాని లోపలి రంధ్రం కోలగా ఉంటుంది. రోటరు తిరిగితే రెక్కలు బయటికి జరిగి రింగును ఒరుసుకుంటూ ఆయిల్‌ను నెడతాయి. రెక్క అంచుకూ రింగుకూ మధ్య సందు పడితే ఆయిల్ బాక్సుకు పోకుండా పంపులోనే వెనక్కి జారుతుంది. ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు ఆయిల్ అవసరానికి మించి వస్తుంది, ఆ జారుడు బయటపడదు. ఇంజన్ నెమ్మదించి, లోడు బండి మలుపు తిరిగేటప్పుడు బయటపడుతుంది.

మేస్త్రి ఆ రెక్కలను పళ్లెంలో వరసగా పేర్చాడు. పదింటిలో మూడు రంగు వేరు, పొడవూ వేరు. మరో రెండింటిని తిరగేసి బిగించారు. రెక్కకు గుండ్రం చేసిన అంచు రింగు వైపు, చదునైన అంచు లోపలి వైపు ఉండాలి. తిరగేసిన రెక్కలు రింగును గీకేశాయి. గోరు ఆనించి లాగితే లోపల మెట్లు మెట్లుగా తగిలింది. పెట్రోలు గుడ్డతో పంపు పైన రుద్దితే వెండి రంగు ఊడి, పాత నంబరును అరగదీసిన మరక కనిపించింది.

అన్నీ గుడ్డలో మూటగట్టి షాపుకు తీసుకెళ్లాను. కొన్న రోజు ‘అన్నగారూ’ అంటూ కుర్చీ వేసి టీ ఇప్పించిన మనిషే అక్కడున్నాడు. మూట విప్పకుండానే ‘విప్పిన పంపుకు వారంటీ లేదు’ అన్నాడు. నంబరు అరగదీసిన చోటు చూపించాను. ‘స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకుని ఆయిల్ కాల్చేశావు. నీకు బండి తోలడం రాక నా సరుకును అంటావేమిటి, పో’ అన్నాడు. ఇద్దరు కొనుగోలుదారుల ముందు. అన్నగారు పోయి ‘నువ్వు’ వచ్చింది. పందొమ్మిదేళ్లుగా లారీ నడుపుతున్నాను. చివరిదాకా తిప్పి పట్టుకుంటే ఆయిల్ వేడెక్కుతుందని క్లీనర్‌కు నేర్పించింది నేనే. కాలిన ఆయిల్ నల్లబడుతుంది, మాడు వాసన వస్తుంది. నా బండి స్టీరింగ్ డబ్బాలో ఆయిల్ ఇప్పటికీ ఎర్రగా, తేటగా ఉంది. దాన్ని సీసాలో పోసి అదీ తీసుకెళ్లాను. చూడలేదు. మూటను మోచేత్తో పక్కకు నెట్టి, వేరే వాళ్లకు బేరింగులు చూపించడం మొదలుపెట్టాడు. ఒక రెక్క కింద పడితే నేనే వంగి ఏరుకున్నాను.

డబ్బు పోతే సంపాదించుకుంటాను. ఆ జంక్షన్‌లో ఏదైనా జరిగి ఉంటే ఆయన ఏం తిరిగి ఇచ్చేవాడు?

మీరు కొనేటప్పుడు బిల్లు మీద ‘కొత్తది’ అనే మాట రాయించండి. పైపు మరలలో, బోల్టు తలల మీద పాత పానా గుర్తులున్నాయేమో వెలుతురులో చూడండి. బిగించాక మీ మేస్త్రితో ప్రెషర్ గేజి పెట్టించి పంపు ఒత్తిడి చూశాకే లోడు ఎత్తండి. గేజి వాల్వు మూసి అయిదు సెకన్లకు మించి ఉంచనివ్వకండి, మంచి పంపు కూడా పాడవుతుంది.

రెక్కలు, రింగు, బిల్లు నా దగ్గరే ఉన్నాయి. కళ్లారా చూడాలనుకునేవారు కింద రాయండి, ఆటోనగర్‌లోనే కలుస్తాను.