ఫౌస్టీనా నాణేల కోసం రోమ్ వెళ్లేవాళ్లకు

ఫౌస్టీనా లాంటి రోమన్ మహారాణుల నాణేలు పైసా ఖర్చు లేకుండా చూడాలంటే లండన్ బ్రిటిష్ మ్యూజియం 68వ గది ఉంది. కాకపోతే అక్కడ ప్రపంచ దేశాల డబ్బు కథంతా ఒకే గదిలో ఉంటుంది, రోమ్ వాటా కొంచెమే. వీటికోసమే బయల్దేరితే రోమ్‌లోని పలాజో మాస్సిమో మ్యూజియంకే వెళ్లాలి. తెర్మినీ స్టేషన్ పక్కనే. సోమవారం సెలవు. నాణేలు నేలమాళిగలో ఉంటాయి, అది తెరిచి ఉందో లేదో టికెట్ కొనేముందే అడగండి. రెండో అంతస్తులో అగస్టస్ చక్రవర్తి భార్య లివియా ఇంటి తోట గోడచిత్రాలు చూసి దిగేసరికి కళ్లు అలిసిపోతాయి. అందుకే ముందు కిందికే వెళ్లడం మేలు.

అందరూ కంచు అంటారు గానీ పెద్ద నాణెం సెస్టర్షియస్ ఇత్తడిది. సుమారు 25 గ్రాములు, 32 మిల్లీమీటర్ల పైనే వెడల్పు. కొత్తలో చింతపండుతో తోమిన బిందెలా మెరిసేది. ఇప్పుడు కనిపించే పచ్చదనం కాలం పట్టించిన పొర (మీ దగ్గరున్న పాత నాణేన్ని మాత్రం అలా తోమకండి, విలువ పోతుంది).

ఆంటొనినస్ పయస్ చక్రవర్తి భార్య పెద్ద ఫౌస్టీనాది జడలు చుట్టి నడినెత్తిన కట్టిన ముడి. పేరు ముందు DIVA (దేవతగా ప్రకటించినామె) అని ఉంటే ఆమె పోయాక, అంటే క్రీ.శ. 140 తర్వాత కొట్టినది. వెనక వైపు ముసుగు సర్దుకుంటున్న స్త్రీ పుడికీటియా, అంటే శీలం. పిల్లలతో ఉంటే సాధారణంగా ఫెకుండిటాస్, సంతానభాగ్యం. ఇది ఎక్కువగా కూతురు చిన్న ఫౌస్టీనా నాణేల మీద ఉంటుంది. లివియా కాలపు సాలుస్ (క్షేమ దేవత) నాణెం తమాషా: ముఖం ఆమెదేనంటారు, పేరు మాత్రం వేయలేదు.

ప్రాచీన రోమ్ నడిబొడ్డు కూడలి ఫోరమ్‌లో తల్లి ఫౌస్టీనా గుడి ఇంకా నిలబడే ఉంది. శాసనంలో కింది వరుస ఆమెది. 161లో భర్త చనిపోయాక ఆయన పేరు పైవరుసలో చేర్చారు. ఫోరమ్, కొలోసియం టికెట్ ఒకటే, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి.

బసకు తెర్మినీ చుట్టుపక్కల కన్నా మోంతీ పేట నయం, మ్యూజియంకీ, ఫోరమ్‌కీ నడిచిపోవచ్చు. రాళ్లు పరిచిన ఎత్తుపల్లాల వీధులు, చక్రాల పెట్టెకు కష్టమే. పాత ఇళ్లలో లిఫ్ట్ ఉందేమో కనుక్కోండి. తలకు, రాత్రికి ఇంత అని నగర పన్ను గది అద్దెకు అదనం.

అక్కడ నాణెం కొనాలనిపిస్తే ఎగుమతి అనుమతి కాగితం లేకుండా వద్దు. అంచున అతుకు గీత, సబ్బులా మెత్తబడిన అక్షరాలు ఉంటే అచ్చుపోసిన నకిలీ. అక్షరాలు అరిగిపోయి జుట్టు మాత్రం పోగుపోగునా తేరి ఉంటే, ఈమధ్య ఎవరో ఉలి పట్టారన్నమాటే.