గ్యాస్ బావి ఉప్పునీటికి ఏ దారి మేలు?

చమురు, గ్యాస్ బావుల నుంచి రాతిపొరల్లోని ఉప్పునీరు కూడా పైకొస్తుంది. బావి పాతబడే కొద్దీ ఆ నీటి వాటా పెరుగుతుంది. ఒక పక్క పంట కాలువ, ఇంకో పక్క రొయ్యల చెరువు ఉండే కోనసీమలో ఆ నీళ్లు ఎటు పోవాలి?

అందులోని నూనె తీయడం పెద్ద కష్టం కాదు. సన్నటి గాలి బుడగలు వదిలితే నూనె మీగడలా తేలుతుంది, తీసేయవచ్చు. ఖర్చంతా ఉప్పు దగ్గరే. నేలమీదికి వదలాలంటే మన నిబంధనల ప్రకారం లీటరుకు నూనె 10 మిల్లీగ్రాములు, కరిగిన లవణాలు 2,100 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రపు నీటిలోనే లవణాలు 35,000 వరకు ఉంటాయి. కొన్ని బావుల నీరు అంతకంటే ఉప్పన.

సముద్రమంత ఉప్పు వరకూ, నీటిని ఒత్తిడితో సన్నటి పొర గుండా వడగట్టే ఆర్వోకు తిరుగులేదు. ఘనమీటరు మంచినీటికి 3-4 యూనిట్ల కరెంటు సరిపోతుంది. నూనె కాస్త మిగిలినా పొర పాడైపోతుంది. లవణాలు 70,000 దాటితే మామూలు ఆర్వో ఆ ఒత్తిడికి ఆగలేదు.

అక్కడ మరిగించక తప్పదు. ఊరికే ఆవిరి చేస్తే ఘనమీటరుకు 600 యూనిట్లకు పైగా వేడి కావాలి. ఆవిరిని కంప్రెసర్‌తో నొక్కి, దాని వేడినే తిప్పి వాడుకునే యంత్రాలకు సుమారు 20-25 యూనిట్లు చాలు. అయినా ఆర్వోకు ఆరు రెట్లు! ఆవిరిని మాత్రమే దాటనిచ్చే పొరతో ఉప్పును వేరుచేసే మెంబ్రేన్ డిస్టిలేషన్‌కు నీరు 60-80 డిగ్రీలు వేడెక్కితే చాలు, గ్యాస్‌ను గొట్టాల్లోకి నెట్టే కంప్రెసర్ ఇంజన్ల నుంచి వృథాగా పోయే వేడి దీనికి పనికొస్తుంది. నాకు ఇష్టమైన పద్ధతి ఇదే. కాకపోతే నూనె తగిలితే పొర తడిసి ఉప్పు అవతలికి దాటిపోతుంది, అందుకే ఇప్పుడే దీని మీద పూర్తిగా ఆధారపడమని చెప్పను.

ఒమన్‌లోని నిమ్ర్ చమురు క్షేత్రంలో ఈ నీటిని రెల్లు మడుల్లో పారించి, మిగిలింది ఎండకు వదిలేస్తారు. కరెంటు ఖర్చు దాదాపు లేదు. అది ఎడారి కాబట్టి చెల్లింది. మన దగ్గర వాయుగుండం పట్టి గట్టు తెగితే ఆ ఉప్పంతా వరిచేలోకే.

కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో బావి నీటిని తోటలకు పెడుతున్నారు కదా అంటారు. ఆ నీటిలో ఉప్పు తక్కువ, పైగా మంచినీరు కలుపుతారు. నీటిలో ఉప్పు పెరిగితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. కొబ్బరి కొంచెం తట్టుకుంటుంది గానీ, ఎక్కువైతే మొక్కలకు హాని చేసే బోరాన్‌లాంటివి కూడా ఉండే నీటిని తోటలకు పెట్టమని నేను చెప్పలేను.

నా మటుకు, ఉప్పు తక్కువైతే ఆర్వో చేసి, కొత్త బావి తవ్వకానికీ ఫైర్ ట్యాంకులకూ అక్కడే వాడుకోవాలి. కాలువలు కట్టేసే వేసవిలో ఆ మేరకు మంచినీరు మిగులుతుంది. ఉప్పు ఎక్కువైతే నూనె, మడ్డి తీసేసి, వచ్చిన లోతుకే తిరిగి పంపడం చవక. అయితే బావి గొట్టం ఎక్కడా కారకుండా చూడాలి, మన తాగునీటి పొరను దాటుకునే అది కిందికి పోతుంది. ఆర్వో పెట్టినా చివర్లో చిక్కటి ఉప్పునీరు మిగులుతుంది. ఊళ్లో ప్లాంటు పెడతామని వచ్చేవాళ్లను, దాన్ని ఏ బావిలోకి, ఎంత లోతుకు పంపుతారో రాసివ్వమని అడగండి.