నేల మీదికి దిగే కుర్చీ: తన చేత్తో తానే తినే చంటిబిడ్డకు ఫీడింగ్ చెయిర్

ఆరు నెలలు నిండిన బిడ్డకు అన్నీ గుజ్జు చేసి చెంచాతో తినిపించడానికి బదులు, మెత్తగా ఉడికిన ముక్కలను ముందు పెట్టి తనంతట తానే తీసుకొని తిననిచ్చే పద్ధతి మన ఇళ్ళలోకి కూడా మెల్లగా వస్తోంది. బ్రిటన్‌లో హెల్త్ విజిటర్‌గా (ఇళ్ళకు వెళ్ళి పసిపిల్లల ఆరోగ్యం చూసే నర్సుగా) పనిచేసిన గిల్ రాప్లీ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. దీనికి ప్రత్యేకమైన సామాను అక్కరలేదు గాని, బిడ్డ నిటారుగా, నిశ్చింతగా కూర్చొని రెండు చేతులూ వాడుకోవడానికి వీలైన ఆసనం మాత్రం కావాలి. మా పాప కోసం విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో ఉన్న పిల్లల సామాన్ల దుకాణంలో ఒక ప్లాస్టిక్ ఫీడింగ్ చెయిర్ కొన్నాము. ఇదే అచ్చులో పోసినట్టుండే కుర్చీలు వేర్వేరు పేర్లతో అమ్ముడవుతున్నాయి కనుక కంపెనీ పేరు కంటే కుర్చీలో ఏమేమి చూసుకోవాలన్నదే ముఖ్యమని భావించి, ఆ సంగతులే వివరంగా రాస్తున్నాను.

ధర సుమారు 3,500 రూపాయలు. దుకాణదారు ఎంతో ఓపికగా, బిల్లు వేయకముందే పాపను అందులో కూర్చోబెట్టి చూసుకోమన్నారు. ఆ అవకాశం ఇవ్వని చోట ఈ వస్తువు కొనకపోవడమే మంచిది, ఎందుకంటే పెట్టె మీది బొమ్మను చూసి బిడ్డ నడుము ఎంత లోపలికి జారుతుందో, ట్రే ఛాతీకి ఎంత దూరంలో ఉంటుందో తెలుసుకోలేము. ఆయన ప్రత్యేకంగా చూపించిన సదుపాయాలు మూడు: వెనక్కి వాలే వీపు, కింద చక్రాలు, ట్రే మీద బిగించే ఆటబొమ్మలు. తన చేత్తో తినే బిడ్డకు ఈ మూడింటిలో ఒక్కటీ అవసరం లేదు. పైగా మొదటిదాని వల్ల ప్రమాదం ఉంది. వెనక్కి వాలి ఉన్నప్పుడు నోట్లోని ముక్క బిడ్డ తన నాలుకతో ముందుకు తెచ్చుకునేలోపే గొంతులోకి జారిపోవచ్చు. అందువల్ల వీపును పూర్తిగా నిటారుగా ఉండే మెట్టులో బిగించి, ఇక దాన్ని కదపలేదు. బొమ్మలు బిడ్డ దృష్టిని తిండి మీద నుంచి లాగేస్తాయి కాబట్టి వాటిని తీసివేశాము.

ఈ కుర్చీలో నాకు కనిపించిన పెద్ద లోపం పాదాలకు ఆధారం లేకపోవడం. పొడవైన కాళ్ళు తగిలించి ఎత్తుగా నిలబెట్టినప్పుడు బిడ్డ పాదాలు గాలిలో వేలాడతాయి. పాదం దేనికైనా ఆని ఉంటే నడుము నిలుస్తుంది, నడుము నిలిస్తే మెడ కుదురుగా ఉంటుంది, అప్పుడే నమలడం మీద, మింగడం మీద బిడ్డకు పట్టు దొరుకుతుంది. పాదాలు వేలాడుతున్నంతసేపు పాప ఒక పక్కకు ఒరిగిపోవడం, ఒక చేత్తో ట్రే అంచు పట్టుకొని మరో చేత్తో మాత్రమే తినడం గమనించాను. మా వీధి వడ్రంగి ముందరి రెండు కాళ్ళకూ అడ్డంగా ఒక చెక్కను బిగించి ఇచ్చిన తరువాత ఆ ఒరగడం చాలావరకు తగ్గింది. కొనేవారు పాదపీఠం ఉన్న నమూనానే అడగాలి, ఎత్తు మార్చుకోగల పాదపీఠం అయితే మరీ మంచిది.

అయినా ఈ కుర్చీని నేను మెచ్చుకోవడానికి కారణం వేరే ఉంది. దీని పొడవైన కాళ్ళు ఊడి వస్తాయి. అవి తీసేస్తే పొట్టి కాళ్ళ మీద నిలిచే చిన్న ఆసనం మిగులుతుంది, దాన్ని నేల మీద పెట్టవచ్చు. మా ఇంట్లో రాత్రి భోజనం ఇప్పటికీ చాపలు పరుచుకొని అందరం వరుసగా కూర్చునే చేస్తాము. ఎత్తు కుర్చీలో ఉన్నంతకాలం పాప మా తలల మీదుగా గోడ వైపు చూసేది. నేల మీదికి దిగాక తాతగారి పళ్ళెం, నాయనమ్మ చేయి, నా నోరు అన్నీ ఆమె కళ్ళకు ఎదురుగా వచ్చాయి. బిడ్డ తనంతట తాను తినే పద్ధతికి ప్రాణం ఈ కలిసి తినడంలోనే ఉంది: పెద్దలు ముక్కను ఎలా తుంచుతున్నారో, ఎంతసేపు నములుతున్నారో చూసి బిడ్డ నేర్చుకుంటుంది. కింద పలుచని పీట ఒకటి వేస్తే పాదాలకు ఆధారమూ దొరికింది. ఎత్తు కుర్చీ బల్ల మీద భోంచేసే ఇళ్ళ కోసం తయారైన వస్తువు. నేల మీద తినే ఇళ్ళు ఇంకా ఎన్నో ఉన్న మన విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో ఊడి వచ్చే కాళ్ళు ఉన్న కుర్చీకే డబ్బు పెట్టడం సబబు.

ట్రే విషయంలో సంతృప్తిగానే ఉన్నాను. అంచు కొంచెం లేచి ఉండడం వల్ల పప్పు ఒలికినా బిడ్డ ఒళ్ళోకి కారదు, ట్రే మొత్తం ఊడదీసి కుళాయి కింద కడుక్కోవచ్చు. తెల్లని ప్లాస్టిక్ కాబట్టి పసుపు మరక పడుతుంది గాని, కడిగి కొన్ని గంటలు ఎండలో పెడితే ఆ మరక చాలావరకు వెలిసిపోతుంది. నడుముకు కట్టే పట్టీలు మాత్రం శుభ్రపరచడానికి కష్టం, వాటి మడతల్లో చోడి (రాగి) జావ ఎండి గట్టిపడుతుంది. రెక్సిన్ దిండు మన వేసవి ఉక్కలో బిడ్డ వీపును చెమటతో తడిపేస్తుంది, దాన్ని తీసేసి పాత నూలు గుడ్డ మడిచి వేయడం ఉత్తమం.

ట్రే మీద ఏమి పెట్టాలన్నది కుర్చీకి సంబంధం లేని విషయం కాదు, ఎందుకంటే కుర్చీ ఎంత మంచిదైనా ముక్క తప్పుదైతే ప్రమాదమే. ఆరేడు నెలల బిడ్డ వస్తువును పిడికిలితో పట్టుకుంటుంది, వేళ్ళ కొనలతో ఏరుకోవడం సాధారణంగా తొమ్మిదో నెల ప్రాంతంలో వస్తుంది. కాబట్టి మొదట్లో ముక్క పెద్దవారి వేలంత పొడవుగా, పిడికిలి బయటికి కనిపించేలా ఉండాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే మెత్తగా నలిగిపోవాలి. ఉడికించిన చిలగడదుంప, గుమ్మడికాయ, ఆనపకాయ ముక్కలు, ఇడ్లీ, పలుచని గుడ్డట్టు చీలికలు, చోడి పిండితో వేసిన మెత్తని అట్టు మా పాపకు బాగా నచ్చాయి. ముళ్ళు పూర్తిగా తీసిన వంజరం ముక్క కూడా ఇచ్చాము. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ కాబట్టి దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఏడాది లోపు ఉప్పు, చక్కెర చేర్చనక్కరలేదు, తేనె అసలే పెట్టకూడదు. మన జిల్లాల్లో ఇంటింటా దొరికే పలాస జీడిపప్పు, వేరుశెనగ గింజలు ముక్కలుగానైనా సరే ఇవ్వకూడదు, మెత్తగా నూరి దేనిలోనైనా కలిపితే సరిపోతుంది. గుండ్రని ద్రాక్ష, పచ్చి క్యారెట్, తాటిముంజ వంటి జారుడు ముక్కలు కూడా దూరంగా ఉంచాలి.

"అమ్మాయ్, గొంతుకు అడ్డం పడుతుంది, మెత్తగా పిసికి పెట్టు" అని మా అత్తగారు మొదట్లో భయపడ్డారు. ఆమె భయాన్ని నేను తేలికగా తీసుకోలేదు. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు 206 మంది పిల్లలపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ముక్కలను జాగ్రత్తగా తయారుచేసే విధానం ముందే నేర్పిన కుటుంబాల్లో, తనంతట తాను తినే బిడ్డకూ చెంచాతో తినే బిడ్డకూ మధ్య ఆహారం అడ్డుపడే ఘటనల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే ఆరు, ఎనిమిది నెలల మధ్య మొత్తం పిల్లల్లో 35 శాతం మందికి కనీసం ఒక్కసారైనా ఆహారం అడ్డుపడిందని అదే అధ్యయనం చెబుతోంది. అంటే ఏ పద్ధతిలోనైనా పెద్దవారు పక్కన కూర్చొని చూస్తూ ఉండాల్సిందే. బిడ్డ ఓకరించి, ముఖం ఎర్రబడి, దగ్గుతూ ముక్కను బయటికి తెచ్చుకుంటే అది శరీరం చేసుకుంటున్న రక్షణ, అప్పుడు నోట్లో వేలు పెట్టకూడదు. శబ్దం రాకుండా, ఊపిరి ఆడకుండా ఉంటే మాత్రం వెంటనే బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టాలి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కాలి, ఆలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి. కుర్చీ పట్టీ ఒక్క చేత్తో క్షణంలో విడిపోవడం ఎందుకంత అవసరమో ఇక్కడ అర్థమవుతుంది. మా కుర్చీ పట్టీ మొదట చాలా బిగుసుగా ఉండేది, దుకాణదారు ఏ అభ్యంతరమూ లేకుండా దాన్ని మార్చి ఇచ్చారు.

చెంచాను మేము పూర్తిగా మానలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం ఆరు నెలలు నిండినప్పటి నుంచి మెత్తని ఆహారంతో మొదలుపెట్టవచ్చు, ఎనిమిది నెలలకు చాలామంది పిల్లలు చేత్తో పట్టుకొని తినగలుగుతారు, తల్లిపాలు రెండేళ్ళ వరకు, ఆ తరువాత కూడా కొనసాగించాలి. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు ఆరో నెల ప్రాంతానికి తరిగిపోతాయి. ఇడ్లీ, పండ్ల ముక్కలతో మాత్రమే ట్రే నింపితే ఆ లోటు తీరదు. అందుకే పప్పు, గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన కోడి కాలేయం వంటివి తరచుగా ఉండేలా చూస్తున్నాము, చిక్కని చోడి జావను చెంచాతో తినిపిస్తున్నాము. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు, బరువు తక్కువగా ఉన్న బిడ్డలు అయితే ఈ పద్ధతి మొదలుపెట్టే ముందు పిల్లల వైద్యుని అడిగి తీరాలి.

అన్నం నేల మీద పడి కాళ్ళ కింద నలగడం మా అత్తగారిని ముక్కల భయం కంటే ఎక్కువ బాధించింది. అది న్యాయమైన బాధ. కుర్చీ కింద ఉతికిన నూలు దుప్పటి పరిచి, పడిన ముక్కను తీసి మళ్ళీ ట్రే మీద పెడుతున్నాము, మిగిలినది పెరట్లో కోళ్ళకు వేస్తున్నాము. ఒకేసారి ట్రే నిండా పెట్టకుండా రెండు మూడు ముక్కల చొప్పున పెడితే విసిరికొట్టడం కూడా తగ్గుతుంది.

పీట మీద గాని పెద్దవారి ఒళ్ళో గాని నిటారుగా కూర్చోబెట్టుకొని తిననివ్వగలిగే ఇంటికి ఈ కుర్చీ తప్పనిసరి కాదు. భోజన సమయంలో పెద్దవారు కూడా రెండు చేతులతో తినవలసిన ఇంటికి, ముఖ్యంగా కవలలున్న ఇంటికి, ఇది ఎంతో సాయం. దీని మీద రాసిన బరువు పరిమితి 15 కిలోలు కాబట్టి బిడ్డకు రెండేళ్ళు దాటాక కూడా నేల ఆసనంగా వాడుకోవచ్చు. కాళ్ళు ఊడదీసి బిగించిన ప్రతిసారీ నాలుగు బొత్తాలూ టక్కుమని పడ్డాయో లేదో చేత్తో లాగి చూసుకున్న తరువాతే బిడ్డను కూర్చోబెట్టండి.