ఆరంగుళాల జాయింటర్‌తో నాలుగేళ్లు: పెచ్చులు లేవడం ఎలా తగ్గింది

చెక్కను తిన్నగా, నున్నగా చేసే మిషన్ ఈ జాయింటర్. కొన్న రెండో రోజే దీన్ని వెనక్కి పంపేద్దామనుకున్నాను. పాత ఇంటి తలుపు నుంచి విప్పిన టేకు పలక అంచును రెండుసార్లు పోనిచ్చాను. నున్నగా రావలసిన అంచు పెచ్చులు లేచి, ఎలుక కొరికినట్టు గుంటలు పడింది. పైగా పలక చివర రెండంగుళాలు పల్లంగా దిగిపోయింది. ఇప్పటికి నాలుగేళ్లు దాటింది. మిషన్ ఇంకా నా షెడ్డులోనే ఉంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ పరిమాణంలో నేను చూసిన మిషన్లన్నీ ఇంచుమించు ఒకే మూసలో ఉన్నాయి, సర్దుబాట్లూ ఒకటే.

మన దగ్గర దీన్ని రందా మిషన్ అనో, సర్ఫేస్ ప్లానర్ అనో అంటారు. నాది బల్ల మీద పెట్టుకునే రకం: ఆరంగుళాల వెడల్పు, రెండు హైస్పీడ్ స్టీల్ బ్లేడ్లు, నిమిషానికి సుమారు 10,000 చుట్లు. చప్పుడు భరించడం కష్టం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు స్విచ్ వేయనని పక్కింటివాళ్లకు మాటిచ్చాను.

చెక్క ఎక్కే బల్ల, దిగే బల్ల అని దీనికి రెండు బల్లలు. వాటి మధ్య గిర్రున తిరిగే 50 మి.మీ. వ్యాసం డ్రమ్ము, అందులో బ్లేడ్లు. నా మిషన్‌లో దిగే బల్ల కదలదు. కనుక బ్లేడ్లనే దాని మట్టానికి తెచ్చుకోవాలి. ఫ్యాక్టరీలో అమర్చి పంపారు కదా అని నేను వాటిని ముట్టుకోలేదు. నా మొదటి తప్పు అదే.

సంగతి తెలిసింది ఒక చెక్క స్కేలుతో. ప్లగ్ పీకి, స్కేలును దిగే బల్ల మీద పెట్టి, కొస డ్రమ్ము మీదికి వచ్చేలా జరిపాను. బల్ల అంచు దగ్గర స్కేలు మీద పెన్సిలు గీత గీశాను. బెల్టు పట్టుకుని డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పితే, బ్లేడు పైకి వచ్చినప్పుడు స్కేలును కాస్త ఈడ్చుకుపోయి వదిలేస్తుంది. ఎంత ఈడ్చిందో గీతను బట్టి కొలవాలి. ఒక బ్లేడు 5 మి.మీ. ఈడ్చింది. రెండోది అసలు తాకనే లేదు. అంటే నేను కొన్నది రెండు బ్లేడ్ల మిషన్, పని చేస్తున్నది ఒక్కటే.

దాని ఫలితం లెక్క వేస్తే తెలుస్తుంది. నిమిషానికి మూడు మీటర్ల చొప్పున చెక్కను తోస్తే, రెండు బ్లేడ్లూ కోస్తున్నప్పుడు ఒక్కో వేటుకు 0.15 మి.మీ. ముందుకు పోతుంది. ఒకటే కోస్తే 0.3. వేటు పెద్దదైన కొద్దీ పదును నారను కోసేలోపే నార ముందుకు చీలిపోతుంది, అదే పెచ్చు. పలక చివరి పల్లం కూడా ఆ పొడుచుకొచ్చిన బ్లేడు పనే. తోక భాగం ఎక్కే బల్లను వదలగానే దిగే బల్ల మీదికి కాస్త జారి, ఎత్తుగా ఉన్న బ్లేడుకు దొరికిపోతుంది.

బ్లేడ్లను సర్దడానికి మొదటిసారి ఒక పూట పట్టింది. రెండు బ్లేడ్లూ, రెండు కొసల్లోనూ స్కేలును 3 మి.మీ. ఈడ్చేలా పెట్టాను. ఈ డ్రమ్ముకు అది సుమారు 0.045 మి.మీ. ఎత్తు, మామూలు జెరాక్స్ కాగితం మందంలో సగం. చిరాకు తెప్పించేది ఏమిటంటే, మర బిగించే కొద్దీ బ్లేడు పైకి జరుగుతుంది. అందుకే అన్ని మరలనూ కొద్దికొద్దిగా, మార్చి మార్చి బిగిస్తూ, ప్రతి వరసకూ స్కేలు పెట్టి చూడాలి. బ్లేడు తప్పుగా బిగిస్తే వేళ్లు పోతాయి, ఊడి తగిలితే ఇంకా ఘోరం. చివరన అన్ని మరలూ మరోసారి చూసుకున్నాకే ప్లగ్ పెడతాను.

సర్దిన తర్వాత ముప్పాతిక వంతు పెచ్చులు మాయమయ్యాయి. మిగిలిన పావు వంతు సంగతి మా వీధి చివర ఉండే పెద్ద వడ్రంగి మేస్త్రి గారు చెప్పారు. నేను పలక తోస్తుంటే చూసి, ఆపమని చెయ్యి ఊపారు. పలకను పక్కకు తిప్పి, అంచు మీద నార గీతలను గోటితో చూపించారు. “చేపను తల నుంచి తోకకు నిమిరితే పొలుసు లేవదు, తోక నుంచి తలకు రుద్దితే లేస్తుంది. మీరు తోక ముందు పెట్టి తోస్తున్నారు సార్” అన్నారు. బ్లేడు పలక ముందు కొస నుంచి వెనక్కి కోస్తుంది. కనుక పలకను పక్క నుంచి చూసినప్పుడు నార గీతలు వెనక్కి వెళ్లే కొద్దీ కిందికి వాలాలి. ఆ రోజు నుంచి ప్రతి పలక మీదా చేప తల ఎటో సుద్దతో గుర్తు పెడుతున్నాను.

టేకుకు ఇది చాలు. వేపకు చాలదు. వేప నార ఒక పొరలో ఇటు, పక్క పొరలో అటు వాలుతుంది. ఎటు పెట్టి తోసినా సగం ఎదురే. అక్కడ లోతును పావు మి.మీ.కు తగ్గించి, తడి గుడ్డతో ఒకసారి తుడిచి, చాలా నిదానంగా పోనిస్తాను. ఒకసారి బ్లేడ్ల ముఖం వైపు 15 డిగ్రీల సన్నని వాలు పట్టించి చూశాను. వేప బాగానే వచ్చింది గాని మోటారు మూలిగింది. ఆ జత బ్లేడ్లను వేప కోసమే విడిగా ఉంచుకున్నాను. అయినా ముడుల చుట్టూ పెచ్చులు లేస్తాయి. వాటికి చేతి చిత్రికే గతి.

ఇంకొకటి. పొట్టు గొట్టం పూడుకుపోతే, తిరిగొచ్చిన పొట్టు బ్లేడు కింద నలిగి చెక్క మీద చిన్న సొట్టలు పడతాయి. అవి పెచ్చులనుకుని రెండు వారాలు బ్లేడ్లతో కుస్తీ పట్టాను. ఒక నీటి చుక్క వేస్తే తేలిపోతుంది. సొట్ట ఉబ్బి పైకి వస్తుంది, పెచ్చు లేచిన గుంట అలాగే ఉంటుంది.

మిషన్ లోపాలు చెప్పాలి. లోతు చూపే స్కేలును నమ్మకండి. ఎక్కే బల్ల బిగింపు అదురుకు వదులవుతుంది, ప్రతి పలకకూ ముందు చూసుకోవాలి. పక్కన నిలబడే అల్యూమినియం గోడ, చెక్కను గట్టిగా నొక్కితే వంగుతుంది, మూలమట్టం పెట్టకుండా మొదలుపెట్టలేం. బల్లలు పొట్టివి, నాలుగడుగులు మించిన పలకను తిన్నగా చేయడం నా వల్ల కాలేదు. అడుగు కంటే పొట్టి ముక్కను మాత్రం ఎన్నడూ పెట్టకండి. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, బ్లేడ్ల పదును త్వరగా పోతుంది. నేను ఏడాదికి మూడుసార్లు సాన పట్టిస్తున్నాను, పట్టించిన ప్రతిసారీ మళ్లీ ఆ చెక్క స్కేలు పనే.

చిన్న పెట్టెలు, ఫొటో ఫ్రేములు, పీటలు చేసుకునేవారికి ఇది సరిపోతుంది. తలుపులు చేసేవారికి సరిపోదు. ఇప్పుడు కొనవలసి వస్తే, చిన్న చిన్న కార్బైడ్ బిళ్లలు మెలికగా అమర్చిన డ్రమ్ము ఉన్నదానికే, ఖరీదు ఎక్కువైనా, డబ్బు పోగేసుకుంటాను. అందాకా నా స్కేలు మిషన్ పక్కనే మేకుకు వేలాడుతూ ఉంటుంది.